వెనుక హబ్‌లో ముందుగా చూడవలసింది కుడి ఫ్లాంజ్

నమస్కారం. జవాబు మొదలుపెట్టే ముందు మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు తిరిగి చెబుతాను. ఇక్కడ పొరపడితే కింద రాసేదంతా దారి తప్పుతుంది.

మీ బరువు 86 కిలోలు. రిమ్ బ్రేకులున్న రోడ్ సైకిల్, వెనుక షిమానో 105 రకం పదకొండు పళ్ళచక్రాల క్యాసెట్. ఆదివారాలు విశాఖ నుంచి శృంగవరపుకోట మీదుగా అరకు ఘాట్ ఎక్కుతారు. ఈ చలికాలంలో 600 కిలోమీటర్ల బ్రెవే, అంటే గడువులోగా ముగించవలసిన దూర సైకిల్ యాత్ర, పూర్తి చేయాలని ఉంది. సైకిల్‌తో పాటు వచ్చిన వెనుక చక్రంలో ఏడాదిలో మూడు స్పోకులు తెగాయి, మూడూ ఎడమ వైపువే. ప్రతిసారీ మెకానిక్ కొత్త స్పోక్ వేసి, బెండు తీసి ఇచ్చారు. ప్రతిసారీ దాని పక్కదో, ఎదుటిదో మళ్ళీ తెగింది. విసిగిపోయి, విడిభాగాలు కొని చక్రాలు కట్టించుకోవాలని నిర్ణయించుకున్నారు. 28 రంధ్రాల అల్యూమినియం రిమ్ ఒకటి నచ్చింది, ఇంకా కొనలేదు. హబ్, అంటే చక్రం నడుమ స్పోకులు తగిలే ముక్క, దగ్గర ఆగారు. మీ జాబితాలో నాలుగున్నాయి: తైవాన్‌లో తయారైన, బాగా తేలికైన స్ట్రెయిట్ పుల్ (తల దగ్గర వంపు లేని సూటి స్పోకులు వేసే) హబ్ ఒకటి, షిమానో అల్టెగ్రా, డీటీ స్విస్ 350, క్రిస్ కింగ్. "వీటిలో ఏది తేలిక, ఏది బాగా దొర్లుతుంది?" అని అడిగారు.

ఆ రెండింటికీ జవాబు చెప్పగలను, కానీ వాటివల్ల మీ నాలుగో స్పోక్ తెగడం ఆగదు. మూడు స్పోకులూ ఎడమ వైపే ఎందుకు తెగాయన్నది తేలితే ఏ హబ్ కొనాలో కూడా చాలావరకు తేలిపోతుంది.

సైకిల్ వెనుక నిలబడి చక్రాన్ని చూడండి. రిమ్ ఫ్రేముకు సరిగ్గా నడుమ ఉంటుంది. హబ్ అలా ఉండదు. కుడి వైపు క్యాసెట్‌కు చోటు కావాలి కనుక కుడి ఫ్లాంజ్, అంటే స్పోకుల తలలు కూర్చునే రంధ్రాల అంచు, బాగా లోపలికి జరిగి ఉంటుంది. ఎడమ ఫ్లాంజ్ హాయిగా బయటికి ఉంటుంది. దాంతో కుడి స్పోకులు దాదాపు నిలువుగా, ఎడమ స్పోకులు ఏటవాలుగా రిమ్‌ను చేరతాయి. నిలువుగా ఉన్న స్పోక్ ఎంత గట్టిగా లాగినా రిమ్‌ను పక్కకు లాగే బలం అందులో కొంచెమే. అందువల్ల రిమ్ నడుమ నిలవాలంటే కుడి స్పోకులను బాగా బిగించాలి, ఎడమ వాటిని దాదాపు సగం బిగువుతో వదిలేయాలి. ఎడమ వైపు ఇంకాస్త బిగిస్తే రిమ్ ఎడమకు పోతుంది, బ్రేకుకు తగులుతుంది. మీ మెకానిక్ పనిలో లోపం ఉందని నేను అనుకోవడం లేదు. ఆ హబ్ ఇచ్చిన కొలతల్లో ఆయన చేయగలిగింది అంతే.

సగం బిగువు ఉంటే స్పోక్ ఎందుకు తెగాలి? ఎక్కువ బిగించినదే తెగాలి కదా అని చాలామంది అడుగుతారు. చక్రం తిరుగుతున్నప్పుడు ప్రతి స్పోక్ నేల వైపుకు వచ్చిన క్షణంలో బిగువు కొంత కోల్పోతుంది, పైకి పోగానే తిరిగి పుంజుకుంటుంది. కుడి స్పోక్ దగ్గర నిల్వ చాలా ఉంది, కొంత పోయినా బిగువుగానే ఉంటుంది. ఎడమ దానికి నిల్వే తక్కువ. 86 కిలోల మనిషి గతుకు మీద పడినప్పుడు అది పూర్తిగా వదులైపోతుంది. వదులైన స్పోక్ తల దగ్గరి వంపు రంధ్రంలో కదులుతుంది, మరుక్షణం మళ్ళీ బిగుసుకుంటుంది. కిలోమీటరుకు దాదాపు 475 సార్లు చక్రం తిరుగుతుంది. తీగను అటూ ఇటూ వంచుతూ పోతే చివరికి ఏమవుతుందో చిన్నప్పుడు అందరం చేసి చూసినదే. పైగా వదులైనప్పుడల్లా స్పోక్‌ను రిమ్ దగ్గర బిగించే నిపుల్ కొద్దికొద్దిగా మర తిరిగి ఇంకా వదులవుతుంది.

ఈ కష్టం మొదటి నుంచీ లేదు. వెనుక అయిదు పళ్ళచక్రాలున్న కాలంలో రోడ్ సైకిల్ వెనుక హబ్ వెడల్పు 120 మిల్లీమీటర్లు. ఆరు, ఏడు వచ్చాక 126 అయింది, ఎనిమిదితో 130కి చేరి అక్కడే ఆగిపోయింది. ఆ తరువాత తొమ్మిది, పది, పదకొండు వచ్చినా వెడల్పు పెరగలేదు. షిమానో 2012లో డ్యూరా-ఏస్ 9000తో రోడ్ సైకిళ్ళకు పదకొండు తెచ్చినప్పుడు క్యాసెట్ కూర్చునే ఫ్రీహబ్‌ను 1.85 మిల్లీమీటర్లు పొడిగించింది. ఆ 1.85 ఎక్కడి నుంచో రావాలి కదా, కుడి ఫ్లాంజ్ లోపలికి జరిగింది. రెండు మిల్లీమీటర్లు కూడా లేదు కదా అనిపిస్తుంది, కానీ మొత్తం దూరమే 17, 18 మిల్లీమీటర్లు ఉన్నచోట అది పెద్ద కోత.

ఇప్పుడు అసలు లెక్క. ప్రతి పేరున్న తయారీదారూ వెనుక హబ్‌కు రెండు అంకెలు ప్రకటిస్తారు: చక్రం నడిమి గీత నుంచి కుడి ఫ్లాంజ్‌కు ఎంత, ఎడమ ఫ్లాంజ్‌కు ఎంత. కుడి అంకెను ఎడమ అంకెతో భాగిస్తే, కుడి బిగువులో ఎన్నో వంతు ఎడమకు దక్కుతుందో దాదాపుగా వచ్చేస్తుంది. కుడి 17, ఎడమ 35 ఉన్న హబ్ అనుకుందాం. 0.49 వస్తుంది. కుడి స్పోకులను 120 కిలోల బిగువుకు తెస్తే ఎడమ స్పోకులకు 58 మాత్రమే. అదే కుడి 18.5, ఎడమ 33 ఉంటే 0.56, అంటే ఎడమకు 67 కిలోలు. ఒకటిన్నర మిల్లీమీటరు ఇటు, రెండు మిల్లీమీటర్లు అటు జరిగినందుకు ఎడమ బిగువు 15 శాతం పెరిగింది.

ఇక్కడే ప్రకటనల మాయ ఉంది. కొందరు తయారీదారులు ఎడమ ఫ్లాంజ్‌ను వీలైనంత బయటికి నెట్టి, "విశాలమైన ఫ్లాంజులు, గట్టి చక్రం" అని చాటుకుంటారు. అబద్ధం కాదు. పక్కకు ఊగకుండా నిలిచే గట్టిదనం ఈ దూరాల వర్గాల మొత్తాన్ని బట్టి పెరుగుతుంది. పై రెండు హబ్బులకు లెక్క కట్టండి: మొదటిది 1514, రెండోది 1431. అంటే రెండో హబ్‌తో కోల్పోయేది అయిదారు శాతం గట్టిదనం, దక్కేది 15 శాతం ఎడమ బిగువు. మీ బరువుకు, మన రోడ్లకు ఈ బేరం కళ్ళు మూసుకుని చేసుకోవచ్చు. కనుక హబ్ కొలతల పట్టిక తెరవగానే కుడి అంకె ఎంత పెద్దదో ముందు చూడండి. ఎడమ అంకె మరీ పెద్దగా ఉంటే మురిసిపోకండి.

హబ్ ఒక్కటే అన్నీ చక్కదిద్దలేదు. రిమ్ ఇంకా కొనలేదన్నారు కాబట్టి ఇది కూడా చెప్పాలి. నిపుల్ రంధ్రాలు రిమ్ నడుమ కాకుండా రెండు మూడు మిల్లీమీటర్లు ఒక పక్కకు ఉండే రిమ్ములు దొరుకుతాయి. వాటిని రంధ్రాలు ఎడమకు వచ్చేలా కడితే కుడి దూరానికి ఆ రెండున్నర కలుస్తుంది, ఎడమ దూరంలో నుంచి పోతుంది. మొదటి హబ్బుకే ఇది చేస్తే 19.5, 32.5 అవుతాయి, 0.6 వస్తుంది, ఎడమ బిగువు 58 నుంచి 72కు ఎక్కుతుంది. హబ్ మార్చి సాధించినదాని కంటే ఎక్కువ. రెండూ కలిపితే ఇంకా మంచిది.

మరో చిన్న ఉపాయం: కుడి వైపు నడిమి భాగం 1.8 మిల్లీమీటర్ల లావున్న స్పోకులు, ఎడమ వైపు నడిమి భాగం 1.5 మిల్లీమీటర్ల సన్నవి వేయండి. "తెగుతున్న వైపే సన్నవి వేయమంటారా?" అని మీరు అనబోతున్నారని తెలుసు. అదే బిగువులో సన్నది ఎక్కువ సాగుతుంది. ఎక్కువ సాగినది పూర్తిగా వదులయ్యే స్థితికి అంత తొందరగా రాదు. లావు స్పోకులు వేసి "బలంగా కట్టాను" అనుకున్న చక్రాలు ఎడమ వైపు తెగి నా దగ్గరికి చాలా వచ్చాయి.

రంధ్రాల సంఖ్య విషయంలో మీతో విభేదిస్తాను. ముందు 28 సరిపోతుంది. వెనుక 32 తీసుకోండి. నాలుగు స్పోకులు, నాలుగు నిపుల్స్ కలిపి పాతిక ముప్పై గ్రాములు. మన పాత హీరో, అట్లాస్ సైకిళ్ళను గుర్తు తెచ్చుకోండి: ముందు చక్రానికి 32, వెనుక 40. వెనుక క్యారియర్ మీద బియ్యం బస్తా వేసుకుని, ముందు కడ్డీ మీద పిల్లవాడిని కూర్చోబెట్టుకుని ఊరంతా తిరిగిన సైకిళ్ళవి. బరువంతా వెనుకే పడుతుందని ఆ లెక్క కట్టినవారికి బాగా తెలుసు. ఇప్పుడు ముందూ వెనుకా ఒకే సంఖ్య పెట్టి జతగా అమ్మడం అందం కోసమూ, సరుకు లెక్క సులువు కోసమూ.

ఈ కారణాలన్నిటివల్లా మీ జాబితాలోని మొదటి హబ్, ఆ తేలికైన స్ట్రెయిట్ పుల్, నా వరకు కొట్టివేతే. స్ట్రెయిట్ పుల్‌లో వంపు ఉండదు కనుక వంపు దగ్గర తెగే సమస్య లేదు, అది నిజం. కానీ ఆ హబ్ ఎన్ని స్పోకులకు, ఏ అల్లికకు తయారుచేశారో అలాగే కట్టాలి, వేరే దారి లేదు. వంపు లేనందువల్ల పట్టు లేక కట్టేటప్పుడు స్పోక్ గుండ్రంగా తిరిగిపోతుంది, పట్టకారుతో పట్టుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, పాడేరులోనో పార్వతీపురంలోనో ఒకటి తెగితే ఆ పొడవు స్ట్రెయిట్ పుల్ స్పోక్ ఏ దుకాణంలోనూ ఉండదు. మామూలు వంపు స్పోక్ అయితే కొంచెం పొడవైనది సంపాదించి, కోసి మర వేసి అయినా పని గడుపుకోవచ్చు.

బరువు సంగతి కూడా ముగించేద్దాం. హబ్ చక్రం నడుమ ఉంటుంది. అక్కడి గ్రాము తిరిగే జడత్వానికి చేర్చేది దాదాపు సున్నా. రిమ్ దగ్గరి గ్రాముతో పోలిస్తే వందో వంతు కూడా కాదు. కనుక హబ్‌లో తగ్గిన 100 గ్రాములు సీసాలో 100 గ్రాముల నీళ్ళు తక్కువ పోసుకున్నట్టే. మీరూ, సైకిలూ, నీళ్ళూ కలిసి 100 కిలోలు అనుకుంటే అది వెయ్యింట ఒక వంతు. గంటసేపు పట్టే ఘాట్ ఎక్కుడులో మూడున్నర సెకన్లు. అనంతగిరి దగ్గర కాఫీకి ఆగితే చిల్లర వెనక్కి తీసుకోవడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది.

"బాగా దొర్లుతుందా" అన్నదానికి కూడా ఇలాంటి జవాబే. దుకాణంలో చక్రాన్ని ఎత్తి తిప్పితే రెండు నిమిషాలు తిరిగే హబ్ రోడ్డు మీద వేగంగా పోతుందనుకోవడం భ్రమ. అలా తిరిగేది చాలావరకు సీళ్ళు వదులుగా ఉండి, గ్రీజు పలుచగా ఉన్నందువల్ల. ఆ వదులు సీళ్ళలో నుంచే వాన నీరు లోపలికి పోతుంది. బేరింగులలో పోయే శక్తి టైర్లలో పోయేదాని ముందు లెక్కలోకి రాదు. టైరు మార్చండి, ఆ తేడా మీకే తెలుస్తుంది.

బేరింగుల గురించి అడగలేదు. కానీ విశాఖలో ఉన్నవారు మొదట అడగవలసింది అదే. సముద్రం మీది ఉప్పు గాలి, ఘాట్‌లో వాన, ఇంటికొచ్చాక గొట్టంతో నీళ్ళు కొట్టి కడగడం, ఈ మూడూ కలిస్తే హబ్ లోపల ఏం జరుగుతుందో నేను విప్పి చూసినప్పుడల్లా కనిపిస్తుంది: గ్రీజు కాఫీ రంగు ముద్దగా మారి ఉంటుంది.

రెండు పద్ధతులున్నాయి. షిమానోది పాతది: గిన్నె, కోన్, మధ్యలో విడి గోళీలు. వెనుక హబ్‌లో సాధారణంగా ఒక్కో వైపు తొమ్మిది, పావు అంగుళం సైజు. ఈ పద్ధతిని వెక్కిరించేవారితో నేను ఏకీభవించను. కోన్ స్పానర్లు రెండు, గ్రీజు డబ్బా ఒకటి ఉంటే ఇంట్లోనే గంటలో కొత్తదానిలా చేయవచ్చు. పైగా షిమానో 1978లో తెచ్చిన ఫ్రీహబ్‌లో మంచి ఆలోచన ఉంది. అంతకుముందు మర మీద బిగించే ఫ్రీవీల్ హబ్బులలో కుడి బేరింగ్ లోపలెక్కడో ఉండి, ఇరుసు చాలా దూరం ఆధారం లేకుండా బయటికి పొడుచుకుని ఉండేది. ఇరుసులు వంగేవి, విరిగేవి. ఫ్రీహబ్ రాగానే ఆ బేరింగ్ కుడి చివరకు, ఫ్రేము పక్కకు చేరింది. ఇరుసు వంగడం దాదాపుగా ఆగిపోయింది. కానీ ఈ పద్ధతికి ఒక షరతు: ఏడాదికి ఒకసారైనా, సముద్రపు ఒడ్డున రెండుసార్లు విప్పాలి. విప్పకపోతే గోళీలు గిన్నెలో గుంటలు పెడతాయి. గోళీలూ కోనూ కొత్తవి వేయవచ్చు, గిన్నె హబ్ దేహంలో భాగం. అది పోతే హబ్ పోయినట్టే.

రెండోది కార్ట్రిడ్జ్ బేరింగులు: ఉండలు, సీళ్ళు అన్నీ ఒకే ముక్కలో. పాడైతే తట్టి తీసి కొత్తది నొక్కి పెట్టడమే. ఇక్కడ చూడవలసినది సైజు. మంచి హబ్‌లో 6902, 6802, 6803 వంటి మామూలు సైజులుంటాయి. 6902 అంటే లోపల 15, బయట 28, మందం 7 మిల్లీమీటర్లు. ఇవి కారు సామాన్లు, మోటార్లు బాగుచేసే బేరింగ్ దుకాణాల్లో దొరుకుతాయి. నేను సికింద్రాబాద్ రాణిగంజ్‌లో తెచ్చుకుంటాను. అడిగేటప్పుడు రెండు జాగ్రత్తలు: కొన్ని కంపెనీలు 6902నే 61902 అని రాస్తాయి, రెండూ ఒకటే, మరొకటి, రెండు వైపులా రబ్బరు సీలు ఉన్నదే కావాలని గట్టిగా చెప్పండి. లేకపోతే ఇనుప రేకు మూత ఉన్నది చేతిలో పెడతారు, అది దుమ్మును ఆపుతుంది గానీ నీటిని ఆపదు. బరువు తగ్గించడం కోసం కొందరు 15-26-7, 18-30-7 వంటి వింత సైజులు పెడతారు. అవి ఏ బజారులోనూ ఉండవు, తయారీదారు దగ్గరి నుంచే రావాలి. హబ్ కొనే ముందు బేరింగ్ నంబర్లు అడగండి. చెప్పలేని అమ్మకందారు దగ్గర కొనకండి.

ఈ గుణపాఠం నాకు కూర్చుని వచ్చింది కాదు. చాలా ఏళ్ళ కిందట, బరువు చూసి మురిసిపోయి ఒక తేలిక హబ్‌తో చక్రం కట్టుకున్నాను. కంపెనీ పేరు వద్దు. కర్నూలు దారిలో 400 కిలోమీటర్ల బ్రెవేలో ఉండగా రాత్రి రెండింటికి పెడల్ రెండు వైపులా ఉత్తినే తిరగడం మొదలుపెట్టింది. ఫ్రీహబ్ లోపలి కొక్కేలను నెట్టే స్ప్రింగు విరిగిపోయింది. దగ్గరున్న ప్లాస్టిక్ బిగింపు పట్టీలతో క్యాసెట్‌ను స్పోకులకు కట్టేశాను. అలా కడితే సైకిల్ ముందుకు పోతుంది, కానీ పెడల్ ఆపకూడదు, ఆపితే గొలుసు గుట్టపడుతుంది. దిగుడులో కూడా కాళ్ళు ఆడిస్తూ, పట్టీలు ఒక్కొక్కటే తెగుతుంటే మళ్ళీ కడుతూ జడ్చర్ల చేరాను. ఆ స్ప్రింగు చేతికి రావడానికి రెండు నెలలు పట్టింది. చక్రం బరువు మాత్రం ఇప్పటికీ గ్రాములతో సహా గుర్తుంది.

కాబట్టి ఫ్రీహబ్ సంగతి. డీటీ స్విస్ 350లో కొక్కేలు ఉండవు. పళ్ళున్న రెండు ఉక్కు రింగులు ఎదురెదురుగా ఉండి, స్ప్రింగులు వాటిని కలిపి నొక్కుతాయి. పెడల్ తొక్కగానే అన్ని పళ్ళూ ఒకేసారి పట్టుకుంటాయి. హ్యూగి అనే స్విస్ హబ్ నుంచి వచ్చిన ఈ ఏర్పాటును దశాబ్దాలుగా పెద్దగా మార్చలేదు, మార్చవలసిన అవసరమూ రాలేదు. చక్రం సైకిల్ నుంచి తీసి, క్యాసెట్‌ను చేత్తో పట్టుకుని లాగితే మొత్తం ఊడి చేతిలోకి వస్తుంది. పనిముట్టు అక్కర్లేదు. తుడిచి, కొంచెం గ్రీజు రాసి, తిరిగి నొక్కేయడమే. "కొంచెం" అన్న మాట మరిచిపోకండి. లారీ చక్రాలకు పెట్టే చిక్కటి గ్రీజు దట్టంగా కూరితే రింగులు సరిగా కలవవు, నిలబడి తొక్కినప్పుడు జారి పళ్ళు అరుగుతాయి.

ఎన్ని పళ్ళు కావాలన్నది పెద్ద చర్చగా సాగుతుంటుంది. 18 పళ్ళయితే పట్టుకునే లోగా హబ్ 20 డిగ్రీల దాకా తిరగవచ్చు, 36 అయితే 10 డిగ్రీలు. రాళ్ళ మీద ఎగిరే మౌంటెన్ బైకర్లకు ఆ తేడా పనికొస్తుంది. రోడ్డు మీద గంటలకొద్దీ ఏకబిగిన తొక్కే మీకు అది తెలియను కూడా తెలియదు. 36 చాలు. ఫ్రీహబ్ చేసే మోత కూడా నాణ్యతకు గుర్తు కాదు. మీ వెనుక వచ్చేవారి సహనానికి మాత్రం పరీక్ష.

ఫ్రీహబ్ లోహం చూడండి. అల్టెగ్రాది ఉక్కు. డీటీ స్విస్ 350ది అల్యూమినియం, తేలిక గానీ మెత్తన. విడివిడి పళ్ళచక్రాలు దాని గాడుల్లోకి కొరికి దిగుతాయి; రెండేళ్ళ తరువాత క్యాసెట్ తీయాలంటే చెయిన్ విప్ (గొలుసు ముక్క తగిలించిన పిడి) పట్టుకుని యుద్ధం చేయాలి. పెద్ద పళ్ళచక్రాలు ఒకే చట్రానికి అతికి ఉన్న క్యాసెట్ ఎంచుకోండి, లాక్ రింగును దాని మీద రాసి ఉన్న 40 న్యూటన్ మీటర్లకు బిగించండి. సగం కొరుకుడు వదులు లాక్ రింగువల్లే. రేపు పన్నెండు పళ్ళచక్రాలకు మారతారేమో అన్న బెంగ కూడా వద్దు: షిమానో రోడ్ పన్నెండు క్యాసెట్టు ఈ పదకొండు ఫ్రీహబ్ మీదే కూర్చుంటుంది. స్రామ్ వంటి వేరే కంపెనీ పన్నెండుకు మారితే వేరే ఫ్రీహబ్ కావలసి రావచ్చు.

క్రిస్ కింగ్ గురించి చెడు మాట చెప్పడానికి నాకు నోరు రాదు. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో బేరింగులతో సహా సొంతంగా తయారుచేస్తారు. ఆ బేరింగుల సీలు తీసి శుభ్రం చేసి మళ్ళీ వాడుకోవచ్చు. శ్రద్ధగా చూసుకుంటే రెండు మూడు రిమ్ములు అరిగిపోయినా హబ్ మిగులుతుంది. కానీ ఫ్రీహబ్ లోపల పూర్తిగా శుభ్రం చేయాలంటే వాళ్ళ ప్రత్యేక పనిముట్టు కావాలి, చిన్న ముక్క పోయినా సముద్రాలు దాటి, సుంకం కట్టుకుని రావాలి. వస్తువు మీద ప్రేమ ఉంటే కొనుక్కోండి, తప్పు లేదు. అవసరం అనుకుని మాత్రం కొనకండి.

ఆ డబ్బుకు నా దగ్గర మరో ఆలోచన ఉంది. ముందు హబ్‌కు పెద్ద కష్టమేమీ లేదు: 100 మిల్లీమీటర్ల వెడల్పు, రెండు వైపులా సమాన దూరం, క్యాసెట్ లేదు, తొక్కే బలం లేదు. వెనుక దానికి జోడీగా అదే పేరున్నది ఉండాలని శాస్త్రమేమీ లేదు. 600 బ్రెవేకు మీకిచ్చే సమయం 40 గంటలు, అంటే కనీసం ఒక పూర్తి రాత్రి రోడ్డు మీదే. ముందు డైనమో హబ్ పెట్టించండి. జర్మనీలో ష్మిట్ వారి సోన్ ఉత్తమం, ఖరీదు ఎక్కువ. తైవాన్ నుంచి షటర్ ప్రెసిషన్, లేదంటే షిమానోవే చవకలో దొరుకుతాయి. 6 వోల్టులు, 3 వాట్లు. రాత్రంతా దీపం ఆరదు, బ్యాటరీ ఎంత మిగిలిందన్న లెక్కలు ఉండవు. తెల్లవారుజామున మూడింటికి దీపం మసకబారుతుంటే ఎదురుగా లారీ వస్తున్నప్పుడు నాకు ఆ వాట్ల విలువ తెలిసింది.

ముందు చక్రాన్ని స్పోకులు ఒకదాన్నొకటి దాటకుండా సూటిగా వేసి కట్టాలని మోజు పడకండి. చూడటానికి బాగుంటుంది, కానీ ఫ్లాంజ్‌ను చీల్చేలా బయటికి లాగుతుంది. చాలామంది తయారీదారులు అలా కట్టిన హబ్‌కు వారంటీ ఇవ్వరు. నా పాత హబ్ ఒకదాని ఫ్లాంజ్ రెండు రంధ్రాల మధ్య బిస్కట్ ముక్కలా ఊడింది. డైనమో హబ్‌కైతే ఆ ఊసే వద్దు.

మీ స్నేహితుడు డిస్క్ బ్రేకుల సైకిల్ కొన్నారని రాశారు. ఆయనకు ఈ లెక్కలు కొంత మారతాయి: ముందు 12-100, వెనుక 12-142 మిల్లీమీటర్ల దూరు ఇరుసులు (త్రూ యాక్సిల్స్), ముందు చక్రంలో డిస్క్ కారణంగా ఎడమ ఫ్లాంజే లోపలికి జరుగుతుంది, కాబట్టి అక్కడ వదులయ్యేవి కుడి స్పోకులు. వెనుక రెండు వైపులా ఏదో ఒకటి చోటు ఆక్రమిస్తుంది కనుక తేడా కాస్త తగ్గుతుంది. రెండు చక్రాలూ రెండు వైపులా దాటు అల్లికతోనే కట్టాలి. ఆయన విడిగా అడిగితే విడిగా రాస్తాను.

ఇక మీకు నా ఎంపిక. చేతులకు గ్రీజు అంటించుకోవడం ఇష్టమైతే, ఏడాదికి రెండుసార్లు విప్పుతానని మీకు మీరే మాట ఇచ్చుకోగలిగితే, షిమానో తీసుకోండి. డబ్బు మిగులుతుంది, ఉక్కు ఫ్రీహబ్ వస్తుంది. అయితే స్పోక్ తెగితే తప్ప చక్రం వైపు చూడలేదని మీరే రాశారు. ఆ నిజాయితీని బట్టి చెబుతున్నాను: వెనుక డీటీ స్విస్ 350, వంపు స్పోకుల రకం, 32 రంధ్రాలు, రిమ్ బ్రేకుకు 130 మిల్లీమీటర్లది. దానికి రంధ్రాలు పక్కకు ఉన్న రిమ్, ప్రతి స్పోకూ మూడింటిని దాటే అల్లిక, ఎడమ వైపు సన్న స్పోకులు. ముందు డైనమో హబ్, 28 లేదా 32, ఏది దొరికితే అది.

స్పోకులు ఇప్పుడే కొనకండి. హబ్, రిమ్ చేతికి వచ్చాకే పొడవు తేల్చాలి. ఫ్లాంజ్ దూరంలో ఒక మిల్లీమీటరు పొరపాటు పడినా పొడవులో వచ్చే తేడా పదో వంతు మిల్లీమీటరు, దానికి భయం లేదు. రిమ్ లోపలి కొలతలో రెండు మిల్లీమీటర్లు తప్పితే మాత్రం స్పోక్ ఒక మిల్లీమీటరు తప్పుతుంది. అందుకని రిమ్ మీద రాసిన అంకెను నమ్మకుండా, రెండు పాత స్పోకులకు నిపుల్స్ తొడిగి ఎదురెదురు రంధ్రాల్లో పెట్టి, రిమ్ చుట్టూ నాలుగు చోట్ల కొలిచి సగటు తీయండి. హబ్‌కు వెర్నియర్‌తో నాలుగు కొలతలు కావాలి: కుడి ఫ్లాంజ్‌లో ఎదురెదురు రంధ్రాల మధ్య వ్యాసం, ఎడమ దానిలో అదే, నడుమ నుంచి కుడి దూరం, ఎడమ దూరం. ఆ అయిదు అంకెలూ, రిమ్ రంధ్రాలు ఎంత పక్కకు ఉన్నాయో అదీ రాసి పంపండి, కుడి ఎడమల పొడవులు లెక్కగట్టి చెబుతాను.